చుట్టాలిళ్లు కలుపుకొని నేలపట్టు, పులికాట్ పక్షుల యాత్ర: కార్లో వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు నుంచి నేలపట్టుకు, పులికాట్‌కు బయల్దేరేవాళ్లలో చాలామంది క్యాలెండర్ చూసి రోజు ఖాయం చేసుకుంటారు. దసరా సెలవులో, దీపావళికి అటూఇటూ కలిసొచ్చిన శని, ఆదివారాలో చూసుకుంటారు. తీరా వెళ్లాక చెరువులో చుక్క నీరుండదు, చెట్లు బోసిగా ఉంటాయి. నేలపట్టులో పక్షులు దిగడం వానను బట్టి ఉంటుంది. ఆ వాన సంగతి అందరికంటే ముందు తెలిసేది సూళ్లూరుపేటలోనో, నాయుడుపేటలోనో ఉన్న మీ అత్తకో, పెదనాన్నకో. అందుకే ఈ యాత్రలో చుట్టాలిల్లు దారిలో దిగే మజిలీ మాత్రమే అనుకోవద్దు, ప్లానంతా అక్కడి ఫోనుతోనే మొదలుపెట్టండి.

ఒక మాట ముందే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు నేలపట్టు, సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. మ్యాపుల్లోనూ పాత బోర్డుల మీదా నెల్లూరు జిల్లా అనే కనిపిస్తుంది. తికమక పడొద్దు, ఊళ్లు అవే.

తేదీ ఖాయం చేసుకోవడం

నెల్లూరు, ప్రకాశం కోస్తాలో పెద్ద వానలు కురిసేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబర్ రెండో సగం నుంచి డిసెంబర్ దాకా. నేలపట్టు చెరువులో నీళ్లలో నిలబడి పెరిగే కడప చెట్లున్నాయి. పెలికాన్లు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టేది వాటి మీదే. చెట్ల మొదళ్ల చుట్టూ నీళ్లుంటే కుక్కలు, నక్కలు, అడవిపిల్లులు గూళ్ల దాకా రాలేవు. చెరువు నిండకపోతే ఆ కాపలా ఉండదు కాబట్టి పక్షులు ఆగుతాయి, లేదా వేరే చోటు చూసుకుంటాయి.

కాబట్టి వరస ఇదీ. అక్టోబర్ చివరి వారంలో ఊళ్లోవాళ్లకు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: చెరువులోకి నీళ్లు చేరాయా, చెట్ల మీద తెల్లగా కనిపిస్తున్నాయా, పక్షులు పుల్లలు మోస్తున్నాయా. మూడోదానికి అవునంటే గూళ్లు కడుతున్నాయన్నమాట. అప్పటి నుంచి రెండు మూడు వారాల తర్వాత వెళ్తే పొదుగు మీద కూర్చున్న పక్షుల్ని చూడొచ్చు. పెలికాన్ గుడ్లు పొదగడానికి సుమారు నెల పడుతుంది కనుక డిసెంబర్‌లో వెళ్తే పిల్లలు కనిపించే అవకాశం ఎక్కువ.

అక్టోబర్ మొదట్లో వెళ్లక తప్పదనుకుంటే నేలపట్టు మీద ఆశ పెట్టుకోకండి. ఆ రోజుల్లో ఉత్తరాది నుంచి ముందుగా దిగేవి ఉల్లంకి పిట్టలు (శాండ్‌పైపర్లు), జిట్టంగి పిట్టలు (వ్యాగ్‌టెయిల్స్), కరెంటు తీగల మీద బారులు తీరే వానకోయిలలు. సూదితోక బాతుల్లాంటివి నవంబర్‌లో పెరుగుతాయి. ఫ్లెమింగోలు రోడ్డుకు దగ్గరగా గుంపులు కట్టేది నీళ్లు తగ్గుముఖం పట్టాక, ఎక్కువగా డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ మామూలుగా జనవరి ప్రాంతంలో జరపడానికి కారణం ఇదే. పండగ రోజుల్లో జనం విపరీతం, పక్షుల్ని నింపాదిగా చూడాలనుకునేవాళ్లు ఆ తేదీల్ని తప్పించుకోవడమే మంచిది.

అన్నీ సైబీరియా నుంచి రావు

పిల్లలకు చెప్పేముందు పెద్దలు సరిచేసుకోవాల్సిన సంగతి ఒకటుంది. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతు, అంటే మచ్చల ముక్కు పెలికాన్, దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి పోయే పక్షి కాదు. నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ, తెల్ల కంకణం, తెడ్డుమూతి కొంగ, నీటికాకి, ఇవన్నీ మన దేశంలోనే నీటిని వెతుక్కుంటూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతూ మన చెరువుల్లో పిల్లల్ని చేసుకునేవి. ఫ్లెమింగోలు పులికాట్‌కు మేతకు వస్తాయి. మన దేశంలో అవి పెద్ద ఎత్తున గుడ్లు పెట్టే చోటు గుజరాత్‌లోని కచ్ రణ్.

నిజంగా హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి బాతుల్లో చాలా రకాలు, ఉల్లంకుల్లాంటి బురద పిట్టలు, గోధుమతల గల్ పక్షులు. మధ్య ఆసియా వలస దారి అని శాస్త్రవేత్తలు పిలిచే మార్గం వీటిది. ఇవి ఇక్కడ గూడు కట్టవు, తిని కొవ్వు పట్టించుకుని వేసవికి ముందే తిరిగి పోతాయి. ఈ తేడా తెలిస్తే ఏ పక్షి దగ్గర ఏం చూడాలో తెలుస్తుంది. నేలపట్టులో చూడాల్సింది సంసారం, పులికాట్‌లో చూడాల్సింది మేత.

చుట్టాలతో ముందే మాట్లాడుకోవాల్సింది

యాత్ర చెడేది ఎక్కువగా ఇక్కడే. పక్షులు బాగా కనిపించేది తెల్లవారుతూనే, మళ్లీ పొద్దు వాలాక. చుట్టాలింట్లో టిఫిను ఎనిమిదిన్నరకు, భోజనం ఒంటిగంటన్నరకు, కాఫీ నాలుగింటికి. తిండి పెట్టకుండా పంపడం వాళ్లకు చిన్నతనం, తినకుండా లేవడం మీకు మర్యాద కాదు. అందుకని వేళ ముందే చెప్పేయాలి, అదీ ఇంట్లో వంట ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే చెప్పాలి. "అత్తా, శనివారం పదకొండున్నరకల్లా వస్తాం, పన్నెండున్నరకు కూర్చుంటాం, మూడింటికి లేవాలి. పొద్దున టిఫిను వద్దు, దారిలో తినేస్తాం" అని లెక్క చెబితే ఎవరూ నొచ్చుకోరు. "వీలు చూసుకుని వస్తాం" అంటే మాత్రం పొద్దున ఏడు నుంచి పొయ్యి మీద గిన్నె ఉంటుంది, మీకూ స్థిమితం ఉండదు.

ఇంకో సలహా: వాళ్లను కూడా పొద్దున కార్లో ఎక్కించుకోండి. సూళ్లూరుపేటలో పుట్టి పెరిగి నేలపట్టు టవర్ ఎక్కని పెద్దవాళ్లు ఉంటారు. ఐదు సీట్ల కారైతే బయల్దేరేటప్పుడే ఒకటి ఖాళీగా ఉంచుకోండి.

కార్తీక సోమవారం, నాగుల చవితి, పౌర్ణమి రోజుల్లో ఆడవాళ్లు ఉపవాసాల్లో, గుడి పనుల్లో ఉంటారు. ఆ రోజుల్లో భోజనానికి దిగితే ఇబ్బంది వాళ్లకే. ఆ నెలలో మాంసాహారం ముట్టని ఇళ్లు చాలా ఉంటాయి కనుక చేపల పులుసు అడిగి ఇరుకున పెట్టకండి.

చేతిలో ఏం పట్టుకెళ్లాలంటే, ఒంగోలు నుంచి వచ్చేవాళ్లకు దారిలోనే దొరుకుతాయి. ఉలవపాడు దగ్గర హైవే పక్కన సపోటాలమ్మే అంగళ్లుంటాయి. రెండు రోజులు నిలవాలి కాబట్టి గట్టికాయ అడగండి. గోకితే పచ్చ కనిపించకూడదు, పసుపో గోధుమరంగో ఉండాలి. పచ్చగా ఉన్నది కోత ముందే తెంపింది, మగ్గినా తీపెక్కదు. నెల్లూరులో ఆగితే మలైకాజా తీసుకోవచ్చు.

దారి, దూరాలు, వేళలు

ఒంగోలు నుంచి నెల్లూరు సుమారు 125 కిలోమీటర్లు, నెల్లూరు నుంచి సూళ్లూరుపేట సుమారు 100. మొత్తం 16వ నంబరు జాతీయ రహదారే. టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం, బూదనం దగ్గర టోల్‌గేట్లున్నాయి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందురోజు రాత్రే చూసుకోండి. ట్యాగ్ పనిచేయకపోతే మామూలు టోల్ కంటే ఎక్కువ కట్టాలి, 2025 నవంబర్ 15న వచ్చిన నియమం ప్రకారం యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు. ఏడాదిలో చుట్టాలిళ్లకు తరచూ తిరిగేవాళ్లకు సొంత కార్ల కోసం 2025 ఆగస్టులో 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాసు (ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అది) లాభమే.

ఒక్కరోజులో ఒంగోలు నుంచి వెళ్లి రెండు చోట్లూ చూసి తిరిగి రావాలనుకోవద్దు. 450 కిలోమీటర్ల పైగా బండి నడిపి, పక్షుల వేళలు రెండూ రోడ్డు మీదే పోగొట్టుకుంటారు. రెండు రాత్రులు పెట్టుకోండి.

మొదటి రోజు మధ్యాహ్నం ఒంగోలులో బయల్దేరితే ఉలవపాడు, కావలి మీదుగా సాయంత్రానికి నెల్లూరు. అక్కడ చుట్టాలింట్లో రాత్రి. రెండో రోజు తెల్లవారి 4:45కు బండి కదలాలి. గూడూరు, నాయుడుపేట దాటి దొరవారిసత్రం చేరేసరికి 6:20 అవుతుంది. నవంబర్‌లో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరూ పదికి కాస్త అటూఇటూ. నేలపట్టు పొద్దున, సూళ్లూరుపేటలో భోజనం, సాయంత్రం పులికాట్. ఆ రాత్రి సూళ్లూరుపేటలోనే ఉండి, మూడో రోజు పొద్దున మళ్లీ పులికాట్ రోడ్డు, తిరుగుదారిలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి, పది గంటలకు ఒంగోలు దారి. గుడిని చివరికి పెట్టమనడానికి కారణముంది. పొద్దున గుడికి వెళ్తే పక్షుల వేళ దాటుతుంది, అమ్మవారు పది గంటలకు కూడా దర్శనమిస్తుంది.

బండి విషయంలో క్లుప్తంగా: టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం పట్టించండి. నిండా మనుషులు, సామాను ఉంటే రెండో అంకె. వైపర్ రబ్బర్లు గీతలు విడుస్తుంటే మార్చేయండి, ఈ సీజన్లో అవి లేకుండా రాత్రి రోడ్డు కనపడదు. స్టెప్నీలో గాలి ఉందో లేదో చాలామంది చూడరు. పెట్రోలు సూళ్లూరుపేటలోనే నింపండి, సరస్సు మధ్య రోడ్డులో బంకు ఉండదు.

బైనాక్యులర్స్, కెమెరా

కుటుంబానికి ఒకటే కొనాలంటే 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×50 ఎక్కువ చూపిస్తుందని కొంటారు గానీ బరువుకు చెయ్యి వణుకుతుంది, ఆ వణుకు కూడా పది రెట్లవుతుంది. పిల్లలకు, పెద్దవాళ్లకు పక్షి దొరకదు.

కొన్నవాళ్లలో చాలామంది దాన్ని సరిచేసుకోకుండానే వాడతారు, పది నిమిషాల్లో తలనొప్పి వచ్చి పక్కన పెడతారు. వరస ఇది:

1. రెండు గొట్టాల్నీ దగ్గరికీ దూరానికీ వంచుతూ, కనిపించే రెండు గుండ్రాలూ ఒక్కటయ్యేదాకా కదపండి.
2. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి కప్పుల్ని పూర్తిగా లోపలికి తిప్పాలి, లేనివాళ్లు బయటికి తీయాలి. ఇది తప్పితే అంచులు నల్లగా కనిపిస్తాయి.
3. కుడి అద్దం ముందు చెయ్యి అడ్డుపెట్టి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాల్ని చూస్తూ మధ్య చక్రం తిప్పండి, అక్షరాలు తేటపడాలి.
4. ఇప్పుడు ఎడమ అద్దానికి చెయ్యి అడ్డుపెట్టి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న రింగు తిప్పి అవే అక్షరాల్ని తేటపరచండి.
5. ఆ రింగు అంకె గుర్తుపెట్టుకోండి. ఇకపై మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి.

ఈ రింగు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. చేతులు మారినప్పుడల్లా ముందున్న అంకెకు తిప్పుకుంటే చాలు.

పక్షిని దొరకబుచ్చుకోవడానికి ముందు మామూలు కంటితో దాన్ని చూడండి, చూపు కదల్చకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెండి. కిందికి చూసి ఎత్తుకుంటే పక్షి పోతుంది.

కార్లోంచి చూడటానికి, ఫోటో తీయడానికి బియ్యం సంచి ఒకటి కుట్టుకోండి. పాత జీన్స్ కాలులోంచి 30 సెంటీమీటర్ల ముక్క, రెండు వైపులా కుట్టు, లోపల కిలో బియ్యం. ముప్పావు వంతుకు మించి నింపొద్దు, బిగుసుకుంటే కెమెరా జారుతుంది. కిటికీ అద్దం సగం దించి దాని మీద ఈ సంచి, దాని మీద కెమెరా. ఇంజిన్ తప్పకుండా ఆపాలి, ఆ అదురు ఫోటోలో మసకగా పడుతుంది. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/1000 సెకను లేదా అంతకంటే వేగంగా పెట్టండి, నిలబడ్డ కొంగకు 1/250 చాలు.

తొమ్మిదిన్నర దాటాక నీళ్ల మీద వేడిగాలి ఆడుతుంది. ఎంత మంచి లెన్సు ఉన్నా దూరపు పక్షులు కరిగినట్టు కనిపిస్తాయి. అది లెన్సు తప్పు కాదు. ఆ వేళకు బైనాక్యులర్స్ సంచిలో పెట్టేసి చుట్టాలింటికి బయల్దేరండి.

నేలపట్టు: పొద్దున

దొరవారిసత్రం దగ్గర బోర్డు చూసి హైవే దిగితే కేంద్రం రెండు కిలోమీటర్ల దూరమే. బోర్డు దాటిపోతే రాంగ్ రూటులో వెనక్కి రావొద్దు, తెల్లవారుజామున లారీలు వేగంగా వస్తుంటాయి. తర్వాతి మలుపు దాకా వెళ్లి తిరిగి రండి. గేటు తీసే వేళ ముందురోజే సూళ్లూరుపేటలోని అటవీశాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయంలో, లేదా ఊళ్లోని చుట్టాల ద్వారా కనుక్కోండి. టికెట్లకు చిల్లర పెట్టుకోండి.

1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించిన ఈ చోటు 458 హెక్టార్ల పైన ఉంటుంది. కానీ చూడాల్సింది చెరువు, దాని గట్టు, పరిశీలన టవర్లు. చుట్టూ ఉన్న చిట్టడవిలోకి దిగొద్దు, పాములుంటాయి.

టవర్ ఎక్కగానే ఫోటోలు మొదలుపెట్టకండి. ఒక చెట్టు ఎంచుకుని అరగంట దానినే చూడండి. గూడబాతు చెట్టు మీద వాలేటప్పుడు రెక్కలు విప్పి, కాళ్లు ముందుకు చాపి, కొమ్మ వంగిపోయేలా దిగుతుంది. డిసెంబర్‌లో వెళ్లినవాళ్లు పిల్లల మేత చూడొచ్చు. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలో దూర్చేసి చేపను లాక్కుంటుంది. దూరం నుంచి చూస్తే తల్లి పిల్లను మింగుతున్నట్టే ఉంటుంది, పిల్లలు భయపడితే ముందే చెప్పి ఉంచండి.

నత్తగుల్ల కొంగ ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది, మూసినా మూసుకోదు. అది నత్తను పగలగొట్టదు. కింది దవడ మొనను గుల్ల మూత కిందికి దూర్చి, కండను తెంపి, మాంసాన్ని లాగుతుంది. చెరువు పక్క పొలాల్లో నాట్లు పడుతున్న మడుల్లో నిలబడి ఈ పని చేస్తూ కనిపిస్తుంది, గట్టు మీద నుంచే చూడొచ్చు.

తొమ్మిది దాటాక ఎండకు గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బరువైన గూడబాతులు ఆ గాలిలో చుట్లు తిరుగుతూ, రెక్క ఆడించకుండానే ఎత్తుకు చేరి, పులికాట్ వైపు మేతకు జారిపోతాయి. ఈ దృశ్యం కోసమైనా తొమ్మిదిన్నర దాకా ఉండండి. ఆకాశం మబ్బుగా ఉంటే వేడిగాలి లేవదు, అవి ఆలస్యంగా, రెక్కలు కొడుతూ వెళ్తాయి.

గూళ్లున్న చోట వాసన ఘాటుగా ఉంటుంది. అది రెట్ట. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఇక్కడి రైతులు నమ్ముతారు. పక్షుల్ని ఊరికి మంచి చేసేవిగా చూసి తరాలుగా కాపాడుకున్నది వాళ్లే. కాబట్టి ఊళ్లో హారన్ కొట్టడం, పాటలు పెట్టడం వాళ్లను కూడా అవమానించడమే. గుడ్ల మీది పక్షి ఒక్కసారి అదిరి లేస్తే ఆ సందులో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. దీపావళి దగ్గర్లో వెళ్తే పిల్లల సంచుల్లో టపాకాయలు లేకుండా చూసుకోండి. డ్రోన్ ఎగరేయడం, రక్షిత కేంద్రంలో పక్షుల్ని బెదరగొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు దాకా వెళ్తాయి.

పులికాట్: సాయంత్రం, మర్నాటి పొద్దున

చిల్కా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు దీన్ని పడమర నుంచి తూర్పుకు కోసుకుంటూ పోతుంది. ఇక్కడి మెలకువ ఒకటే: రోడ్డుకు ఉత్తరం వైపు నీళ్లను ముందు చూడండి. నవంబర్, డిసెంబర్‌లలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక ఉత్తరం వైపు పక్షుల మీద వెలుగు నేరుగా పడుతుంది, రంగులు తెలుస్తాయి. దక్షిణం వైపు చూస్తే కళ్లలోకి మెరుపు, పక్షులన్నీ నల్లటి నీడలే. సాయంత్రం మూడున్నరకు రోడ్డెక్కితే ఐదున్నర దాకా మంచి వెలుగు ఉంటుంది. ఐదూ నలభైకి కాస్త అటూఇటూ పొద్దు గూకుతుంది.

కుదిరి దాటాక నిదానంగా పోతూ, అటకానితిప్ప దాకా వెళ్లి వెనక్కి తిరగండి. ఆపైన షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు, అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు. షార్ ఉద్యోగుల బస్సులు షిఫ్టు మారే వేళల్లో బారుగా వస్తాయి. ఆ సమయంలో రోడ్డు మీద బండి ఆపొద్దు. ఎక్కడ ఆపినా మార్జిన్ గట్టిగా ఉన్నచోటే ఆపాలి. తారు అంచు దాటి చక్రం దించితే వానలకు నానిన ఒండ్రులో దిగబడుతుంది. ఆరినట్టు కనిపించే సరస్సు నేల మీదికి కారు దించడం అన్నిటికంటే పెద్ద తప్పు. పైన వేలెడు మందాన ఉప్పు పట్టిన పెచ్చు, దాని కింద జిగట బురద. ట్రాక్టర్ పిలిస్తే తప్ప బయటికి రాదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ రోడ్డు మీద ఆంక్షలు, రద్దీ రెండూ ఉంటాయి, ఇస్రో ప్రకటన చూసి తేదీ ఎంచుకోండి.

కారులోంచి దిగకండి. పక్షులు బండిని చూసి అంతగా బెదరవు, రెండు కాళ్ల మనిషి దిగితే లేచిపోతాయి. ఫ్లెమింగోలు తలెత్తి అన్నీ ఒకే వైపు నడవడం మొదలుపెట్టాయంటే మీరు దగ్గరికొచ్చేశారని అర్థం. అక్కడితో ఆగి నెమ్మదిగా వెనక్కి జరగండి. ఫోటో కోసం చప్పట్లు కొట్టి గుంపును లేపడం చూస్తుంటాం. రోజంతా బురద వడకట్టి కూడబెట్టుకున్న బలాన్ని ఆ పక్షి ఒక్క ఎగురుడుకు ఖర్చుపెట్టాలి, మళ్లీ మేత మొదలుపెట్టడానికి చాలాసేపు పడుతుంది.

ఫ్లెమింగో తినే తీరు చూడండి. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లాగి వదులుతూ, ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్లలాంటి వాటితో పురుగుల్ని, రొయ్య పిల్లల్ని వడకడుతుంది. ఒక్కోసారి ఒకచోటే గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురద కలుపుతుంది. ఇది చేయాలంటే నీళ్లు దాని కాళ్ల ఎత్తు మించకూడదు. పెద్దవాన పడ్డాక వెళ్లి "ఒక్క ఫ్లెమింగో లేదు" అనేవాళ్లకు జవాబు ఇదే. నీళ్లు లోతెక్కాయి, అవి పల్చటి నీళ్లున్న అంచులకు వెళ్లాయి. వాన ఆగాక వారం, పది రోజులు ఆగితే నయం. ఎండ ఎక్కువైన ఏడు నీళ్లు త్వరగా ఇంకిపోవడమూ ఉంది. రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర సముద్రపు ముఖద్వారాలు ఇసుక మేటలు వేసి పూడిపోవడంతో ఉత్తర భాగంలోకి సముద్రపు నీరు సరిగా రావడం లేదు. ఈ ముఖద్వారాల పూడిక తీయకపోతే పక్షులకూ, చేపల మీద బతికే ఊళ్లకూ ముందుముందు కష్టమే.

ఈ కాలంలో గుర్తుపట్టడంలో తికమకలు

పుస్తకంలో బొమ్మలు ఎక్కువగా జత కట్టే కాలపు రంగుల్లో ఉంటాయి, శరత్తులో పక్షులు ఆ రంగుల్లో ఉండవు. సూదితోక బాతు మగది అక్టోబర్, నవంబర్ మొదట్లో ఆడదానిలాగే గోధుమరంగులో ఉంటుంది. పొడవాటి మెడ, సన్నని ఒళ్లు చూసి పోల్చుకోవాలి. గోధుమతల గల్ పక్షికి ఈ కాలంలో గోధుమ తల ఉండదు, తెల్ల తల మీద కంటి వెనక నల్ల చుక్క మాత్రమే. తెడ్డుమూతి బాతు ముక్కు మొన వెడల్పు, ఏ రంగులో ఉన్నా అది మారదు. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్లటి నామం ఉన్నది బాతు కాదు, నామాలకోడి.

ఫ్లెమింగో పిల్లలు బూడిదరంగులో ఉంటాయి, గుంపులో వాటిని వేరే కొంగలనుకుంటారు. వంగిన ముక్కు చూస్తే తేలిపోతుంది. పెద్ద ఫ్లెమింగో ముక్కు గులాబీ, మొన నలుపు. ముక్కంతా ముదురు ఎరుపుగా ఉండి ఆకారం చిన్నదైతే అది చిన్న ఫ్లెమింగో. అలాంటిది కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి.

తిండి

నేలపట్టు పొద్దుటి వేళకు టిఫిను కార్లోనే ఉండాలి. ఆరుగురికి అరకిలో బియ్యం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక లీటరు కాచిన పాలు, రెండు గరిటెల పెరుగు కలిపి, ఉప్పు తక్కువేసి డబ్బాలో పెట్టండి. రాత్రి పదింటికి కలిపితే పొద్దున ఎనిమిదికి కమ్మగా తోడుకుని ఉంటుంది. మొదటే పెరుగు నిండా కలిపితే ఆ వేళకు పులిసిపోతుంది. పాలు మరీ వేడిగా ఉండగా పెరుగు వేస్తే విరుగుతుంది. నంజుకోవడానికి మాగాయ. ప్లాస్టిక్ కవర్లు, మిగిలిన మెతుకులు అక్కడ పారేయొద్దు. వాటికి కాకులు, కుక్కలు చేరతాయి, అవి గూళ్లకు శత్రువులు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, దోమల మందు, ప్రతివాళ్లకూ టోపీ (గూళ్ల కింద అవసరం పడుతుంది) మర్చిపోకండి.

వాన ముంచుకొస్తే

అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్ బయల్దేరే ముందు మూడు రోజులూ చూడండి. నెల్లూరు, తిరుపతి జిల్లాలకు ఆరెంజ్ గానీ రెడ్ గానీ హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి, బేరాల్లేవు. 2021 నవంబర్ వరదల్లో కోవూరు దగ్గర ఇదే హైవే తెగి రాకపోకలు ఆగిపోయాయి, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు కోస్తాను ముంచెత్తింది. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ముందు బండి దాటింది కదా అని దిగకండి. చక్రం సగం మునిగే లోతుంటే కారు తేలడం మొదలుపెడుతుంది, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో కనపడదు. వెనక్కి తిరిగి దగ్గరి ఊళ్లో ఆగడమే. దారిలో చుట్టాలెవరెవరు ఎక్కడున్నారో నంబర్లతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే ఇలాంటప్పుడు పనికొస్తుంది. హైవే సాయానికి 1033, అత్యవసరానికి 112.

ఇంటికి చేరాక

చూసినవాటిని ఆ రాత్రే ఈబర్డ్ (ఎవరైనా తాము చూసిన పక్షుల లెక్క నమోదు చేసే) యాప్‌లో ఎక్కించండి. నేలపట్టుకు ఒకటి, పులికాట్ రోడ్డుకు ఒకటి వేర్వేరు జాబితాలు పెట్టాలి, కలిపి పెడితే ఎక్కడివో తెలియక ఎవరికీ ఉపయోగపడవు. గుర్తుపట్టిన ప్రతి పక్షినీ, కాకితో సహా రాయండి. అంకె తెలియకపోతే పది పది చొప్పున గుంపుగా లెక్కేసి అంచనా పెట్టొచ్చు. బైనాక్యులర్స్ అద్దాల మీద ఉప్పుగాలి పొర ఉంటుంది. ముందు ఊది దుమ్ము పోగొట్టి, తర్వాత తడి చేసిన మెత్తటి గుడ్డతో తుడవండి. పొడిగా రుద్దితే ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. కారు అడుగు భాగానికి కూడా మంచినీళ్లు కొట్టించండి.

మీరు బయల్దేరేటప్పుడు ఊళ్లోవాళ్లకు ఒక పని అప్పగించి రండి: చెట్ల మీద పిల్లలు కనిపించిన రోజు ఫోన్ చేయమని.